మిరపకాయ లేని పల్నాడు

పల్నాటి వీరుడు బాలచంద్రుడు కారెంపూడి యుద్ధానికి బయలుదేరే ముందు తల్లి ఐతమ్మ కొడుకును పీట మీద కూర్చోబెట్టి అన్నం పెడుతుంది. నేను రాయదలచిన చారిత్రక నవల అక్కడ మొదలైంది. పొగలు కక్కే జొన్నసంగటి, మీద కరిగిన నెయ్యి, పక్కన రోట్లో నూరిన పండుమిరపకాయ పచ్చడి. కొడుకు కంట్లో నీళ్ళు పచ్చడి కారానికి వచ్చాయో, తల్లిని వదిలి పోతున్నందుకు వచ్చాయో తేలకుండా ఒక వాక్యం రాశాను. దాని మీద నాకు మహా మమకారం. సాయంత్రం మా ఇంటావిడకు చదివి వినిపించాను. ఆవిడ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి.

"ఏ సంవత్సరమండీ ఇది?" అంది.

"1182 ప్రాంతం."

"అయితే ఆ పచ్చడి తీసెయ్యండి. కొలంబస్ బయలుదేరిందే 1492లో. మిరపకాయ అమెరికా నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడలెక్కి రావాలి. మీ పిల్లవాడు ఇంకో మూడొందల ఏళ్ళు విస్తరి ముందు కూర్చుంటానంటే చెప్పండి."

పల్నాడు కథలోంచి మిరపకాయ తీసెయ్యడమంటే ఏమిటో మా ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. మిగిలేది మిరియం. మిరపకాయ అనే మాట కూడా ఆ మిరియం పక్కన పుట్టిందేనంటారు. కొత్తగా వచ్చిన కారానికి పాత కారం పేరు తగిలించుకున్నాం. మిరియాల కోసం వాక్యం మారిస్తే కన్నీళ్ళు నిలవలేదు. మిరియానికి గొంతు మండుతుంది గానీ కన్ను చెమర్చదు. పైగా ఆవిడ అంతటితో ఆగలేదు. నా రెండో అధ్యాయంలో వేరుశనక్కాయలు పోయాయి, మూడో అధ్యాయంలో బ్రహ్మనాయుడి కొలువు బయట కాపలావాడు కాలుస్తున్న పొగచుట్ట పోయింది. సీతమ్మ పేరు పెట్టుకున్న చెట్టయినా మిగులుతుందనుకున్నాను. సీతాఫలం కూడా ఆ ఓడల్లో దిగినదేనట. సీతను ఎత్తుకుపోయిన కబురు రాముడు విన్నచోటు గనక మా ఊరు వినుకొండ అయిందని చెప్పుకుంటాం. ఆ కొండ వాలు మీద సీతాఫలం చెట్టు నాటుకునే హక్కు కూడా నాకు లేకుండా పోయింది.

ఒక వారపత్రిక చారిత్రక నవలల పోటీ పెట్టింది. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు ఇతరుల లెక్కలు సరిచూసి ఇంటికొచ్చినవాణ్ణి, ఒక కాలాన్ని సరిచూడ్డం ఎంతపని అనుకున్నాను. అసలు కష్టం రాయడంలో ఉంటుందనుకున్నాను గానీ, ఏ కాలంలో రాయాలో తేల్చుకోవడంలోనే ఉందని తెలియదు. పెళ్ళిసంబంధాలు చూసినట్టు నాలుగు కాలాలు చూశాను.

పల్నాటి యుద్ధం ఇంట్లో పెరిగిన మేనరికం. అందుకే కుదరదని కాస్త ఆలస్యంగా తెలిసింది. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి వీరుల ఆరాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజులకు పేర్లు. మందపోరు నాడు చాపకూడు. అన్ని కులాల వాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తింటారు. వీరవిద్యావంతులు కథ పాడుతుంటే జనం అది ఎప్పుడో జరిగిన సంగతిలా వినరు. మా ఇంటి పక్కన ఒక పెద్దాయన ఇప్పటికీ బ్రహ్మనాయుడికి ఎదురు నిలిచిన నాగమ్మ పేరెత్తితే ముఖం చిట్లిస్తాడు, నిన్న సాయంత్రం ఆమెతో గట్టు తగాదా పడి వచ్చినట్టు. జరిగిపోనిదాన్ని చరిత్ర అని ఎలా రాయను? నేను ఒక్క మాట మార్చినా కారెంపూడిలో నన్ను నిలదీసేవాళ్ళుంటారు. వాళ్ళ కథ వాళ్ళ దగ్గరే భద్రంగా ఉంది.

రెండోది 1515. కృష్ణదేవరాయలు గజపతుల మీదికి వచ్చిన తూర్పు దండయాత్ర. ఉదయగిరి పడింది, ఆపైన అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, చివరికి కొండవీడు. మా ఊరి పేరు రాయలవారి విజయాల జాబితాలో ఉందంటే చిన్నప్పటి నుంచీ మాకు గర్వం. పెద్దయ్యాక గదా తట్టింది, ఆ జాబితాలో మేం ఓడిన పక్కన ఉన్నాం! ఆ ఓటమిని రాద్దామని కూర్చున్నాను. నా కోటకాపరి నోరు తెరిచాడో లేదో, సినిమా డైలాగు ఊడిపడింది. "ప్రభూ" అంటాడు, "అటులనే" అంటాడు. వాడి భార్య పూజగదిలోంచి తప్ప మరెక్కడినుంచీ రాదు. రాజుల కాలం రాసేవాడికి అత్తరు పూసి ఇచ్చిన చొక్కా లాంటిది. మన చెమట వాసన దానికి పట్టదు. విశ్వనాథ సత్యనారాయణ గారు మధుర నాయకుల కాలంలో 'ఏకవీర' నడిపారు, అడివి బాపిరాజు గారు కాకతీయుల కాలంలో గోన గన్నారెడ్డిని గుర్రమెక్కించారు, నోరి నరసింహశాస్త్రి గారు రేపల్లెలో ప్లీడరీ చేసుకుంటూనే రాజరాజ నరేంద్రుడి కాలం నుంచి శ్రీనాథుడి దాకా నడిచొచ్చారు. వాళ్ళకు ఆ కాలాలు చదివి తెలిసినవి కావు, ఊపిరాడేటంత దగ్గర. నాకు రాయలంటే ఎన్టీ రామారావే కనిపిస్తున్నాడు. ఏం చెయ్యను?

మూడోది 1832-33, నందన కరువు. గుంటూరు కరువని ఇంగ్లీషు రికార్డుల్లో ఉంటుంది. జిల్లాలో ఐదు లక్షల జనముంటే లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా పోయారని పాత లెక్క. ఆ కరువు చూశాకే కృష్ణ మీద ఆనకట్ట సంగతి దొరలకు గట్టిగా పట్టింది, 1850ల్లో బెజవాడ దగ్గర కట్టారు. ఆ నీళ్ళు డెల్టాకు పోయాయి, మా మెట్ట మెట్టగానే ఉండిపోయింది. దీనికి ఆధారాలకు లోటు లేదు. కరువుకు సరిగ్గా ముందు, 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి మరుసటేడు తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య, దారిలో ఏ ఊళ్ళో ఏం దొరుకుతుందో, ఏది దొరకదో మజిలీ మజిలీకి రాసిపెట్టుకున్నాడు. అలాంటి మనిషి తోడుంటే ఏ నవలాకారుడికైనా పండగే. మిరపకాయలు కూడా అప్పటికి వచ్చేశాయి. నాలుగు పేజీలు బ్రహ్మాండంగా సాగింది. ఆకలితో రోడ్డు మీద పడిపోయిన ఒక తల్లిని వర్ణిస్తూ, మధ్యలో లేచి వెళ్ళి రెండు పెసరట్లు తిని వచ్చి, ఆపిన చోటు నుంచి మళ్ళీ వర్ణించాను. చదువుకుంటే వాక్యాలు బాగున్నాయి. అంత బాగుండటమే బాగాలేదనిపించింది. చింపేశాను.

నాలుగోది 1922. అడవి మేత పన్ను పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతు కథ. మా పల్నాటి కుర్రాళ్ళలో కలం పట్టిన ప్రతివాడూ ముందు అదే రాస్తాడు. నా వంతు వచ్చేసరికి వయసు దాటింది.

ఇలా సంబంధాలన్నీ తప్పిపోయాక ఒకరోజు మంచి ఆలోచనే వచ్చింది. మా ఊరివాళ్ళు ఇంతకుముందు ఈ పని చేశారా, చేస్తే ఏ కాలాన్ని ఎంచుకున్నారు? చూస్తే ఇద్దరు దొరికారు. ఒకరు ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్నవారు, ఒకరు ఈ ఊళ్ళో పుట్టినవారు. ఇద్దరూ తమ కాలం వదిలేసి పోయినవాళ్ళే. ఇద్దరూ వినుకొండ కథ రాయలేదు.

మొదటాయన వినుకొండ వల్లభరాయుడు. పదిహేనో శతాబ్దపు మనిషి, విజయనగర ప్రభువుల కొలువు చేసిన కుటుంబం. ఆయన 'క్రీడాభిరామం' జరిగేది తన కాలంలో కాదు, తన ఊళ్ళోనూ కాదు. కాకతీయుల ఓరుగల్లులో. 1323లో ఓరుగల్లు పడిపోయింది. అంటే కూలి నూరేళ్ళయిన నగరంలోకి ఆయన గోవింద మంచనశర్మనీ టిట్టిభసెట్టినీ పంపి ఒక పగలంతా తిప్పాడు. (ఈ కావ్యం అసలు శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి గారు వాదించారు. మా ఊళ్ళో ఆ వాదన ఎత్తకపోవడం మర్యాద.) వల్లభరాయుడి స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు. ప్రతాపరుద్రుణ్ణి ఏనుగెక్కించి, కోటగోడ కూలుతుంటే కంటతడి పెట్టించేవాణ్ణి. ఆయన కోట కూలడం జోలికే పోలేదు. వీధుల్లో తిరిగాడు. కోడిపందెం చూశాడు, పొట్టేళ్ళ పందెం చూశాడు, వేశ్యవాడలో కబుర్లు చెప్పాడు, పల్నాటి వీరుల కథ పాడుతుంటే ఆగి విన్నాడు. ఇద్దరికీ ఆకలేస్తే పూటకూళ్ళ ఇంటికి తీసుకుపోయాడు. ఆ భోజనంలో ఏమేం వడ్డించారో, సన్నబియ్యపు అన్నం దగ్గర నుంచి గోధుమపిండి వంటల దాకా చెప్పాడు. ఎంతకు పెట్టారో కూడా చెప్పాడు. ఒక రూక.

ఆ రూక దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బ్యాంకువాణ్ణి గనక అనుకోండి. ప్రతాపరుద్రుడి సైన్యం ఎంతో రాయమంటే ఎవరైనా ఒక అంకె వేస్తారు, తొమ్మిది లక్షల ధనుర్ధరులంటారు, అడిగేవాడు లేడు. పూట భోజనం ఎంతో రాయాలంటే మాత్రం అక్కడ తిని ఉండాలి, కనీసం తిన్నవాణ్ణి అడిగి ఉండాలి. వల్లభరాయుడు అడిగాడు. ఓరుగల్లు బతికి ఉన్న రోజుల్లోనే రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో 'ప్రేమాభిరామం' రాశాడు, క్రీడాభిరామానికి మూలం అదే. ఆ సంస్కృత పుస్తకం ఇప్పుడు దొరకడం లేదు, ఈయన విన్నది మిగిలింది. నూరేళ్ళ కిందటి నగరంలోకి ఆయన ఊహ రెక్కలు కట్టుకుని పోలేదు. ఒక చూసినవాడి చెయ్యి పట్టుకుని పోయాడు.

దీన్నిబట్టి నాకో గీటురాయి దొరికిందనుకున్నాను. ఏ కాలంలోకైనా పో, పోయేముందు అక్కడ పూటకూళ్ళింట్లో భోజనం ఎంతో చెప్పు. చెప్పలేకపోతే గడప దిగకు. నా బాలచంద్రుడు, నా కోటకాపరి ఈ గీటు దగ్గరే తప్పారు. ఈ సూత్రం ఇంటావిడతో చెబితే "మరి జాషువా?" అంది. సోషల్ చెప్పినవాళ్ళతో ఇదే చిక్కు.

గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. వినుకొండ ఆయనకు ఎలాంటి ఊరో ఒక్క సంఘటన చాలు. ఇక్కడ జరిగిన ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులం వాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గోల చేశారు. కొండ పేరు వినుకొండ, ఊరివాళ్ళకు చెవులు అలా ఉన్నాయి. రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పే ఉద్యోగం కూడా చేశారాయన. బొమ్మలు నోళ్ళు మెదుపుతుంటే మాటలు ఈయన పలికేవారు. తర్వాత బడిపంతులయ్యారు, పండితుడయ్యారు. 1932లో 'పిరదౌసి' రాశారు. ఎక్కడి వినుకొండ, ఎక్కడి గజనీ! తొమ్మిది వందల ఏళ్ళ వెనక్కి, ఎన్ని దేశాలో దాటి. పారశీకపు పూటకూళ్ళింట్లో రొట్టె ధర ఆయనకు తెలిసి ఉండదు. తెలుసుకోవాలని ప్రయత్నించినట్టూ లేదు. నా సూత్రం ప్రకారం ఆయన గడప దిగకూడదు. దిగారు, తిరిగొచ్చేటప్పుడు గొప్ప కావ్యం తెచ్చారు.

కథ అందరికీ తెలిసిందే. షానామా రాస్తే పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్నాడు గజనీ మహమ్మదు. ముప్ఫై ఏళ్ళు, ఇంచుమించు అరవై వేల పద్యాలు. పుస్తకం పూర్తయ్యాక సుల్తాను బంగారం మాట మరిచి వెండి పంపాడు. కవి ఆ డబ్బు తాకనని పారేసి, పట్నం విడిచిపోయాడు. ఆఖరికి సుల్తానుకు బుద్ధొచ్చి బంగారం పంపితే, అది ఒక ద్వారం గుండా ఊళ్ళోకి వచ్చే వేళకు కవి శవం ఇంకో ద్వారం గుండా బయటికి పోతోందట. పిరదౌసి పోయి నూరేళ్ళు దాటాక నిజామీ అరూజీ అనే పారశీకుడు ఈ వృత్తాంతం రాస్తూ ఇంకో మాట కూడా చెప్పాడు. అక్కడి మతపెద్ద ఒకడు కవిని ఊరి శ్మశానంలో పూడ్చనివ్వనన్నాడు. కవిని సొంత తోటలోనే పూడ్చారు.

చేసిన పనికి ఒప్పుకున్న కూలి ఇవ్వకపోవడం. గొప్పవాడివే, కానీ మా మధ్య నీకు చోటు లేదనడం. శవానికి కూడా వాడ వేరు చెయ్యడం. వీటిలో ఏది తెలుసుకోవడానికి వినుకొండవాడు గజనీ దాకా పోవాలి? ఆ కాలపు కూడు ఎరగని జాషువాకు ఆ కాలపు కడుపుమంట క్షుణ్ణంగా తెలుసు. సభలో తనను గోల పెట్టినవాళ్ళను ఆయన తిట్టి పద్యం రాసి ఉంటే ఆ ఊళ్ళో ఇంకో గొడవ అయ్యేది. సుల్తానును తిడితే అలాంటి సభవాళ్ళే చప్పట్లు కొట్టారు, ఎవరిని తిడుతున్నాడో గమనించకుండా. 1941లో 'గబ్బిలం' వచ్చేసరికి ఆయనకు ఆ చాటు అవసరం లేకపోయింది. తన కాలంలో, తన పేదవాడి గుడిసెలోనే నిలబడి, గబ్బిలాన్ని పిలిచి, కాశీలో శివుడికి కబురు చెప్పుకున్నాడు. గజనీ దాకా పోయి వచ్చినవాడికే సొంతవాడలో అంత గట్టిగా నిలబడే సత్తువ వస్తుందేమోనని నాకొక అనుమానం.

అప్పుడు నాకు నా సంగతి అర్థమయింది. నాకు కూడూ తెలియదు, కడుపుమంటా లేదు. పెన్షన్ వస్తుంది. పోటీ బహుమతి కోసం పన్నెండో శతాబ్దం మీద పడ్డాను.

ఇంగ్లీషులో చారిత్రక నవలకు దారి వేసినవాడని చెప్పే వాల్టర్ స్కాట్ 1814లో మొదటి నవల 'వేవర్లీ'ని పేరు పెట్టుకోకుండా అచ్చువేశాడు. దాని ఉపశీర్షికకు మన భాషలో అర్థం 'అరవై ఏళ్ళ కిందటి మాట'. కవచాలూ ఖడ్గాలూ ఉన్నంత దూరం వద్దు, నిన్నటి అంగడి ఫ్యాషనంత దగ్గరా వద్దు, అరవై ఏళ్ళయితే సరిపోతుందని ముందే చెప్పుకున్నాడు. 1812 నాటి నెపోలియన్ యుద్ధం టాల్‌స్టాయ్ రాసింది 1860ల్లో, ఇంచుమించు అంతే ఎడం. మన మహీధర రామమోహనరావు గారు కోనసీమ స్వరాజ్యోద్యమం మీద 'కొల్లాయి గట్టితేనేమి?' రాసిందీ తాతలు బతికి ఉండగానే. స్కాటుకు అరవై అనేది ఒక అంచనా, మనకు అది పంచాంగం. ప్రభవ నుంచి అక్షయ దాకా తిరిగి, అదే పేరుతో ఏడాది మళ్ళీ గుమ్మంలో నిలబడుతుంది. మనిషికైతే షష్టిపూర్తి చేసి, రెండో పుట్టుక అంటాం.

వెనక్కి లెక్కపెట్టాను. 2027 ఉగాదికి ప్లవంగ నామ సంవత్సరం. అంతకుముందటి ప్లవంగ 1967.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్ళు వదిలారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాం అది. కుడికాలవ మా వైపుకు వస్తుంది. అవే నీళ్ళు నాగార్జునకొండ లోయను ముంచేశాయి. బాపిరాజు గారు 'అడివి శాంతిశ్రీ'లో ఇక్ష్వాకుల విజయపురిని నిలబెట్టారే, ఆ విజయపురి శిథిలాలను 1954 నుంచి 1960 దాకా ఆదరాబాదరాగా తవ్వి, దొరికినవి కొండ మీదికీ అనుపుకూ చేరవేసి, మిగిలింది జలాశయానికి వదిలేశారు. ఒక కాలం మునిగితే గానీ మాకు వరికూడు రాలేదు. ఈ లావాదేవీలో లాభమెంత, నష్టమెంత అని ముప్ఫై ఏళ్ళు బ్యాలెన్సు షీట్లు చూసిన నేను ఒక్కసారీ వేసి చూడలేదు. అప్పటికి నాకు నాలుగేళ్ళు. మెట్ట అంటే ఏమిటో చూడకుండా మాగాణిలో పెరిగాను. కొండ దిగి తొలి ఏకాదశి తిరునాళ్ళ నుంచి వస్తుంటే పచ్చగా కనపడేదంతా ఎప్పుడూ అలాగే ఉందనుకున్నాను.

గుండ్లకమ్మ పక్క పల్లెలో మా మేనత్త ఉంది. ఎనభై దాటింది. చెవులు మందగించాయి గానీ, పాత సంగతులకు మటుకు బాగానే వినపడతాయి. నోటుపుస్తకం పట్టుకుని వెళ్ళాను. మొదట హోటల్లో భోజనం ధర అడిగాను, వల్లభరాయుణ్ణి తలుచుకుని.

"హోటలా? మొగోళ్ళు పొయ్యేవాళ్ళు వినుకొండ. ఆడదాన్ని, నాకేం తెలుసురా ఎంతో?"

వల్లభరాయుడికి నూరేళ్ళ దూరంలోని రూక తెలిసింది, నాకు మా అత్త పెళ్ళినాటి భోజనం ధర తెలియలేదు. మంచనశర్మ వెంట ఏ ఆడదీ పూటకూళ్ళింటికి పోలేదన్న సంగతి కూడా అప్పుడే తట్టింది. ప్రశ్న మార్చాను. నీళ్ళు ఏ సంవత్సరం వచ్చాయత్తా అన్నాను. కోడలు ఒక ఏడు చెప్పింది, పక్కింటాయన ఇంకో ఏడు చెప్పాడు, ఇద్దరూ వాదులాడుకున్నారు. అత్త ఆ వాదనలోకి దిగలేదు. గుండ్లకమ్మ ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు చిప్పతో బిందెకు ఎత్తే పద్ధతి చేత్తో చూపించింది. బిందె నిండటానికి ఎంతసేపు పట్టేదంటే, పక్కదానితో ఒక అత్తగారి కథ మొత్తం చెప్పుకునేంతసేపు.

"మరి కాలవకు నీళ్ళు వచ్చిన్నాడు ఏం వండావత్తా?" అన్నాను. పాయసమో బూరెలో అంటుందని పెన్ను తెరిచి పెట్టుకున్నాను.

"ఆ రోజు పొయ్యి ఎవరు ముట్టిచ్చార్రా? ఊరంతా కాలవ గట్టు మీదే ఉంది. పిల్లల్ని చంకనేసుకుని పొయ్యాం. నీళ్ళు బురదగా వచ్చినయ్, ముందర ఎండుటాకులూ చెత్తా తోసుకుంటా. మీ మావయ్య దిగి మోకాళ్ళ దాకా నిలబడ్డాడు. రమ్మన్నా రాలా."

"మరి రాత్రికి?"

"పొద్దుటి సంగటి ఉంది. దాంతోనే."

"అందులోకి?"

మా అత్త నన్ను జాలిగా చూసింది.

"ఏవుంటదిరా? ఉప్పూ మిరపకాయా."